సూక్ష్మజీవులు చేయు ఇన్సులిన్

మన దబీర్‌పురాలోని తలిదండ్రులలో కొందఱు, బిడ్డకు మధుమేహమని వైద్యుఁడు నిర్ణయించి ఇన్సులిన్ వ్రాసియిచ్చినను, సూది వేయించుటకు వెనుదీయుచున్నారు. అది పందినుండి తీసినదని యొకరును, ఆవునుండి తీసినదని మఱియొకరును, క్రిములచేఁ జేయించిన విషమని వేఱొకరును చెప్పుదురు. మొదటి రెండు మాటలును ఒకప్పుడు నిజములే. మూఁడవదానిలో సగము నిజమున్నది. ఆ సగమును గూర్చియే నేను వ్రాయఁబూనితిని.

1922వ సంవత్సరము జనవరి మాసమున టొరాంటో నగరమందు లియొనార్డ్ థాంప్సన్ అను పదునాలుగేండ్ల బాలునికి ఇన్సులిన్ ఇయ్యఁబడెను. అంతకుముందు ఇట్టి బాలురకు మరణమే గతి. పిదప సుమారు అఱువది యేండ్లు ఆ మందు పశువులయొక్కయుఁ బందులయొక్కయుఁ క్లోమగ్రంథులనుండియే వచ్చుచుండెను. 1978లో అమెరికాయందు జెనెన్‌టెక్, సిటీ ఆఫ్ హోప్ సంస్థల శాస్త్రజ్ఞులు మనుష్యుని ఇన్సులిన్‌లోని రెండు గొలుసులకుఁ దగిన జన్యువులను ఎషెరిషియా కోలై యను బాక్టీరియాలోఁ జొప్పించి, ఆ గొలుసులను వేర్వేఱుగాఁ జేయించి కలిపిరి. 1982లో అది అచ్చట ఔషధముగా అంగీకరింపఁబడెను.

తరువాత వచ్చిన పద్ధతిలో బాక్టీరియాచేత ప్రోఇన్సులిన్ అను ఒంటిగొలుసును జేయింతురు. మన దేహమందలి ప్రోఇన్సులిన్‌లో 86 అమైనో ఆమ్లము లున్నవి. అయితే బాక్టీరియా యిచ్చునది మందు గాదు, చిక్కుపడిన ముద్ద. కణమును పగులఁగొట్టి, ముద్దను కడిగి కరఁగించి, గొలుసు సరిగా మడఁతపడునట్లు మెల్లగా నడుపవలెను. మూఁడు గంధకపు ముడులును తమతమ తావులఁ బడనిచో శ్రమ వ్యర్థము. పిదప ఎంజైములచే నడిమి తునుకను గోసివేయఁగా 21, 30 ఆమ్లములుగల రెండు గొలుసులు ముడివడి మిగులును. దానిని పలుమాఱులు శుద్ధిచేసినపిమ్మటనే సీసాలోనికి పంపుదురు. అందు బ్రదికిన క్రిమి యుండదు. మన క్లోమము చేయు పదార్థమే యుండును. కొన్ని కర్మాగారములు బాక్టీరియాకు మాఱుగా ఈస్టును వాడును.

క్రిమియన్న మాటకే జడియు తల్లి రాత్రి పాలు తోడువేయుట మానినదా? మన హైదరాబాదులోనే శాంతా బయోటెక్నిక్స్ వారు 1997లో, ఈ విద్యచేతనే, ఈస్టుద్వారా హెపటైటిస్-బి టీకాను వెలువరించిరి. బిడ్డకు ఆ టీకా వేయించిన తండ్రి ఇన్సులిన్‌ను శంకించుట నాకు వింతగాఁ దోఁచును. వెలనుగూర్చిన వారి మొఱ మాత్రము న్యాయమైనదే. నిత్యము కొనవలసిన మందు పేదయింటికి బరువు.

బాల్యమునఁ గలుగు మధుమేహమున క్లోమము ఇన్సులిన్‌ను చేయలేకపోవును. ఆకుపసరులును పథ్యమును దానికి బదులు గానేరవు. కొలఁది దినములు సూది మానినను ప్రాణాపాయము కలుగవచ్చును. కావున ఇట్టి పిల్లలు మధ్యాహ్న భోజనమునకు ముందు తరగతి విడిచిపోవుటకు అడ్డు చెప్పరాదనియు, పాఠశాల కార్యాలయపు ఫ్రిజ్‌లో వారి సీసాలకు ఒక అర కేటాయింపవలెననియు యాజమాన్యమువారిని కోరుచున్నాను. గడ్డకట్టిన ఇన్సులిన్ పనికిరాదు గనుక, మంచు పేరుకొను పై యర మాత్రము వలదు.