నీళ్లు చల్లి తీసుకున్న పైస

పైసలు పాపమని నాకు మొదట చెప్పినాయన మా ఊరి పటేల్. బోధన్ దగ్గర నిజాంసాగర్ కాలువ కింద యాభై ఎకరాల చెరుకు ఉన్నది ఆయనకు. మా నాయిన ఆయన దగ్గర జీతం ఉండె. ఏడాదికి ఇన్ని వడ్లు, ఒక గొంగడి. చెప్పులు మాత్రం మేమే కుట్టి ఆయనకియ్యాలె, మాదిగోళ్లం గదా. నాయిన ఒకపారి పైసలు అడిగితే, "పైసలేం జేసుకుంటవ్ రా, మనిషికి మాట ముఖ్యం" అన్నడట. ఆయన మాట, మా అప్పు.

తర్వాత అదే మాట నిజామాబాద్‌లో హాస్టల్‌ల ఉండి చదువుకునేటప్పుడు ఒక మార్క్సిస్టు మిత్రుడు చెప్పిండు. డబ్బే అన్ని అనర్థాలకు మూలం, పెట్టుబడి కూలితే కులం దానంతటదే కూలుతదని. మంచోడే, మాతో కూర్చుని తిన్నడు. కాని సెలవులకు పోతే ఆయనకు ఊర్లె ఇరవై ఎకరాల తరి ఉన్నది. నాకు మా అవ్వ చుట్టిన బీడీలు ఉన్నయి. పైసను తిట్టాలంటే ముందు కడుపు నిండాలె కామ్రేడ్! మా వాడల పైసను తిట్టినోన్ని నేను ఇంతవరకు చూడలే.

మాకు పైస ఎట్లొచ్చిందో చెప్త. 1931లో నిజాంసాగర్ పూర్తయి మంజీర నీళ్లు కాలువల పారినయి. 1937లో బోధన్ షక్కర్‌నగర్‌ల నిజాం షుగర్ ఫ్యాక్టరీ పెట్టిండ్రు. ఒకప్పుడు ఆసియాలనే పెద్దదని పేరు. కాలువ కింది భూములు దొరలవి, పటేళ్లవి. తర్వాత కోస్తా జిల్లాల నుంచి వచ్చి, అక్కడ ఎకరం అమ్మి ఇక్కడ నాలుగెకరాలు కొన్నోళ్లవి. వాళ్ల క్యాంపులు వర్ని, కోటగిరి దిక్కు ఇప్పటికీ ఉన్నయి. మావోళ్లు నీరడులు. తూము తెరిచేది మేము, తడిసేది వాళ్ల పొలం. తెలివితో, పొదుపుతో పెట్టుబడి పుట్టిందని చెప్పే పుస్తకాలు ఈ తూము కాడికి ఎన్నడూ రాలే.

1970లలో నాయిన జీతం ఇడిసి క్రషింగ్ సీజన్‌ల చెరుకు బండ్లు దింపే కూలికి పోయిండు. పటేల్ మనుషులు రెండుసార్లు గుంజుకొచ్చిండ్రు, మూడోసారి ఆగలే. కూలి లెక్క రాసేటాయన పూర్తి పేరు అడిగిండట. ఊర్లె "ఒరే సాయిగా" అని పిలిపించుకున్న మనిషి ఆ దినం సాయిలు అని చెప్పి వేలుముద్ర ఏసిండు, రూపాయలు లెక్కవెట్టుకున్నడు. ఆ రూపాయి పటేల్ కాళ్ల మీద పడకుండ వచ్చిన రూపాయి. దాన్ని పాపమంటే నేనొప్పుకోను.

అయితే అదే రూపాయి పట్టుకొని రోడ్డు మీద హోటల్‌కు పోతే ఏమైంది? చాయ్ ఇచ్చిండ్రు. గ్లాసు వేరే, చూరుల పెట్టింది. తాగి, కడిగి, మళ్లీ చూరుల పెట్టాలె. పైస బండ మీద పెడితే హోటలాయన నీళ్లు చల్లి గల్లాల ఏసుకునేటోడు. నీళ్లు చల్లితే పైసకు అంటు పోయింది, మనిషికి పోలే. నేను నాయిన పక్కన నిలబడి చూసిన. నాకప్పుడు ఎనిమిదేండ్లు.

ఇప్పుడు మా అల్లుడు ఇంకో పాట ఎత్తుకున్నడు. మార్కెట్‌కు కులం లేదట, మనమే పెట్టుబడిదారులం కావాల్నట. 2005లో పూణేల దళిత పారిశ్రామికవేత్తల సంఘం పుట్టింది, అది చూపిస్తడు. అల్లుడా, నీ మాటల సగం నిజమున్నది. పటేల్ దొడ్డి నుంచి మీ తాతను ఇడిపించింది నగదు కూలే. మరి బ్యాంకుల పూచీ అడిగితే ఏం పెడతవ్? మాదిగోడు హోటల్ పెడితే మన ఊర్లె చాయ్ తాగేదెవరు, పాలు అమ్మితే పోయించుకునేదెవరు? మీ నాయినమ్మ వెయ్యి బీడీలు చుడితే, బాగలేవని పక్కకు తీసినయి సట్టేదారు దగ్గరనే ఉండేటియి, వాటికి పైస లేదు. అది మార్కెటే గదా!

అంబేద్కర్‌ను పైసల సంగతి తెలియనోడు అనడానికి లేదు. 1923లోనే రూపాయి సమస్య మీద పుస్తకం రాసిన ఆర్థికవేత్త. 1938లో మన్మాడ్‌ల రైల్వే దళిత కార్మికుల సభల బ్రాహ్మణిజం, పెట్టుబడిదారీ విధానం రెండూ శత్రువులే అని చెప్పిండు. 1947లో కీలక పరిశ్రమలు, వ్యవసాయ భూమి రాజ్యం చేతిల ఉండాలని రాసిండు. మార్క్సిస్టు మిత్రుడు మొదటి శత్రువును మరిచిండు. మా అల్లుడు రెండోదాన్ని మరుస్తుండు.

2002లో ఫ్యాక్టరీల 51 శాతం వాటా ప్రైవేటుకు పోయింది. 2015 డిసెంబర్‌ల బోధన్, ముత్యంపేట, మంబోజిపల్లి మూడూ మూతవడ్డయి. కార్మికుల ధర్నాలల్ల నేనూ కూర్చున్న. రైతు నష్టం చెప్పిండ్రు, కార్మికుల బకాయి చెప్పిండ్రు, రెండూ న్యాయమే. కాని సర్కారు వాటా తగ్గిననాడే రిజర్వేషన్ రోస్టర్ కూడా పోయిందని ఒక్కరు మైకు పట్టుకొని అంటరేమో అని చూసిన. నేనున్న దినాలల్ల ఆ మాట వినలే. నేనన్న లేచి అడగలే, ఆ తప్పు నాది.

విలువైనదేందని అడిగితే మా నాయిన భూమి అంటుండె. నీళ్లు పారే భూమి, రెండెకరాలు. అది రాకుండనే పోయిండు. 2024లో ఫ్యాక్టరీ మళ్లీ తెరిపించేటందుకు సర్కారు కమిటీ ఏసింది. తెరవాలె, మాకు సంతోషమే. తెరిచేటప్పుడు లెక్క రాసే కుర్చీల మా పిల్లలు ఎందరు, బండ్లు దింపేకాడ ఎందరు? కాలువ కింద మా పేరు మీద ఎన్ని ఎకరాలు? ఈసారి మైకు ఇయ్యకపోయినా అడుగుత.