యంత్రమునకు ముందు ఊరు

ఆపద చెప్పి రాదు. 1935లో లండను నగరమున ఒక యింట నిప్పంటుకొని ఐదుగురు స్త్రీలు మరణించిరి. పొరుగువాడు టెలిఫోను చేసినను ఆ పిలుపును వెంటనే అందుకొన్నవారు లేకపోయిరి. ఆ దుఃఖము నుండియే 1937లో 999 అను అత్యవసర సంఖ్య పుట్టినది. తెలుగునాట 2005 ఆగస్టు 15న 108 సేవ ఆరంభమైనది. పిలుపు నందుకొన్నవారు వివరములను కంప్యూటరులో నమోదు చేసి, చేరువనున్న వాహనమును పంపుదురు.

మంచి యంత్రమును కొన్నచో చాలునని కొందరి తలంపు. అది సరికాదు. వరంగల్లునే చూడుడు. వరంగల్లు, హనుమకొండ, కాజీపేట కలిసి ఒక్క నగరమైనవి. నడుమ రైలుదారులు కలవు. కోటలోనికి పోవు బాట రాతి ద్వారములలో మలుపులు తిరుగును. 2020 ఆగస్టులోను, 2023 జూలైలోను కురిసిన వానలకు పెక్కు కాలనీలు నీట మునిగినవి. అట్టి దినములలో పటమున దగ్గరగా కనిపించు వాహనమే అన్నిటికంటె ఆలస్యముగా చేరవచ్చును.

కావున నగరపాలకులు ఇట్టి ఏర్పాటును తలపెట్టినపుడు మొదట ఊరిని తెలిసికొనవలెను. ప్రతి వీధికి పేరు, ప్రతి యింటికి వరుస సంఖ్య ఉండవలెను. నీట మునుగు దారులను, ఇరుకు సందులను, జనులు వాడుకలో చెప్పు గుడి, చెరువు, చెట్టు గుర్తులను యంత్రమునకు ఎక్కింపవలెను. చెప్పనిది యంత్ర మెరుగదు.

పౌరులకును బాధ్యత కలదు. పిల్లలు సైతము తమ వీధి పేరును, దాపుననున్న గుర్తును తడబడక చెప్పగలుగవలెను. వినోదమునకై ఆ సంఖ్యను పిలువరాదు. వ్యర్థమైన ఆ నిమిషము మరియొకరి ప్రాణము కావచ్చును.