మన వీడియో క్యాసెట్లు – మన కర్తవ్యము

విజ్ఞానశాస్త్రము మానవునికి ప్రసాదించిన సాధనములలో కొన్ని చిరకాలము నిలుస్తాయి. మరికొన్ని ఒక తరము వారికి సేవ చేసి మరుగున పడతాయి. సాధనము పాతబడినందుకు విచారించనక్కరలేదు. కాని ఆ సాధనము ద్వారా మాత్రమే పలుకగల జ్ఞాపకములు దానితోపాటే మూగబోతే ఆ నష్టము తీరనిది. ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతముల ఇండ్లలో అటకల మీద, ఇనుప పెట్టెల అడుగున పడి ఉన్న వీడియో క్యాసెట్ల విషయములో మనకు అట్టి నష్టమే సంభవించబోవుచున్నది. దానిని నివారించు శక్తి ఒక కళాశాలకు ఉన్నదని మా విశ్వాసము.

జపాను దేశమున సోనీ సంస్థ 1975లో బీటామాక్స్ పద్ధతిని, జె.వి.సి. సంస్థ 1976లో వి.హెచ్.ఎస్. పద్ధతిని వెలువరించినవి. తుదకు వి.హెచ్.ఎస్. పద్ధతియే ప్రపంచమంతట వ్యాపించినది. హైదరాబాదు దూరదర్శన్ కేంద్రము 1977లో ప్రారంభమైనది. 1982లో ఢిల్లీ ఆసియా క్రీడల సందర్భమున రంగుల ప్రసారము వచ్చినది. ఆ దశకములోనే కువైట్ మొదలైన గల్ఫ్ దేశములకు బ్రతుకుతెరువుకై వెళ్ళిన మన ప్రాంతపు వారు తిరిగి వచ్చునపుడు టేప్ రికార్డరుతోపాటు వి.సి.ఆర్.ను కూడ తెచ్చుకొనసాగిరి. దూరదర్శన్ ప్రసారము సరిగా అందని చోటికి సైతము క్యాసెట్టు చేరగలిగినది. అద్దెకు టి.వి.ని, వి.సి.ఆర్.ను తెచ్చి వీధిలో తెల్లవార్లు సినిమాలు చూచిన రోజులు మన పెద్దలకు జ్ఞాపకమే. సెలవు దొరకక చెల్లెలి నిఖాకు రాలేకపోయిన అన్నకు ఆ వేడుకను చూపినది కూడ ఈ క్యాసెట్టే.

ఆ క్యాసెట్లలోని సినిమాలను గూర్చి మనకు చింత లేదు. అవి వేరొక చోట దొరుకుతాయి. కాని ఒక ఇంటి పెండ్లి, ఒక వీధి ముషాయిరా, అనుమసముద్రంపేట దర్గా గంధమహోత్సవము నాటి జనసందోహము, పాతబడి రూపు మారిన ఒక బజారు – వీనికి చాలవరకు ఒక్కటే ప్రతి ఉంటుంది. చిత్రముకంటె ధ్వని మరింత విలువైనది. ఇంటిలో దక్కనీ ఉర్దూ, వాకిలి దాటగానే నెల్లూరు తెలుగు మాటలాడిన మన తాతమ్మల పలుకుబడి ఏ నిఘంటువులోను సంపూర్ణముగా లేదు. పెండ్లి పందిట్లో వారు వియ్యాలవారితో ఆడిన మేలమాటలలో అది ఉన్నది. రాజుల చరిత్రకు ఉదయగిరి దుర్గము సాక్ష్యము. సామాన్యుల చరిత్రకు సాక్ష్యము అర అంగుళము వెడల్పు గల ఈ టేపు.

ఈ సాక్ష్యము శిలవలె నిలుచునది కాదు. పల్చని ప్లాస్టిక్ పొర మీద అయస్కాంత గుణము గల పొడిని జిగురుతో అంటించి టేపును తయారు చేస్తారు. ఆ జిగురు ఏండ్ల తరబడి గాలిలోని తేమను పీల్చి మెత్తబడుతుంది. మన వేసవి వేడిమి ఆ క్షయమును త్వరపరుస్తుంది. టేపు బాగున్నను ఆడించు యంత్రము కరువగుచున్నది. వి.సి.ఆర్.లను చివరివరకు తయారు చేసిన జపాను సంస్థ ఫునాయ్ 2016 జులైలో ఆ పని మానివేసినది. అయస్కాంత టేపులలోని సంపద 2025 తరువాత అందకుండ పోగలదని యునెస్కో 2019లోనే హెచ్చరించినది. ఆ గడువు దాటిపోయినది.

ఇక పని ఏమంత కష్టమైనదో చూతము. పూర్వము యాంటెన్నా తీగను మొదట వి.సి.ఆర్.కు తగిలించి, అక్కడినుండి మరొక తీగను టి.వి.కి కలిపి, టి.వి.లో ఒక ఖాళీ ఛానెలును వి.సి.ఆర్. కొరకు కుదుర్చుకొనేవారు. వి.సి.ఆర్.లో సొంత ట్యూనరు ఉన్నందున ఒక కార్యక్రమము చూస్తూ మరొకటి రికార్డు చేయుటకు వీలుండేది; ఉన్నది ఒక్క దూరదర్శనే అయినంత కాలము ఆ వీలు మనకు అక్కరకు రాలేదు! తరువాతి యంత్రములకు పసుపుపచ్చ తీగ బొమ్మకు, తెలుపు, ఎరుపు తీగలు ధ్వనికి వచ్చినవి. వి.సి.ఆర్.లో ‘అవుట్’ అని ఉన్న రంధ్రము నుండి టి.వి.లో ‘ఇన్’ అని ఉన్న రంధ్రమునకు కలుపవలెను. నేడు టి.వి.కి బదులు అవే రంగుల రంధ్రములు గల చిన్న పరికరము ద్వారా కంప్యూటరుకు కలిపితే క్యాసెట్టు ఆడుచుండగానే నకలు తయారగును.

జాగ్రత్తలు మాత్రము తప్పనిసరి. క్యాసెట్టు వెనుక అంచున ఉన్న చిన్న ప్లాస్టిక్ పలకను ముందే విరిచివేయవలెను. అప్పుడు పొరపాటున రికార్డు మీట నొక్కినను పాత దృశ్యము చెరిగిపోదు. టేపు మీద తెల్లని బూజు కనిపిస్తే యంత్రములో పెట్టరాదు. ఆ బూజు యంత్రమునకు, దానినుండి ఇతర క్యాసెట్లకు అంటుకొనును. బొమ్మపై గీతలు పడితే ట్రాకింగు మీటను సరిచేయవలెను.

కనుక కళాశాల కమిటీ వారికి మా విన్నపము ఇది. గ్రంథాలయములో ఒక మూల ఒక మంచి వి.సి.ఆర్.ను, ఒక టి.వి.ని, ఒక కంప్యూటరును ఏర్పాటు చేయవలెను. మూడు గంటల క్యాసెట్టుకు నకలు తీయుటకు మూడు గంటలే పట్టును. తొందరించుటకు వీలు లేదు. అయినను దినమునకు ఒకటి చొప్పున నూరు దినములలో నూరు క్యాసెట్లు పూర్తి కాగలవు. ఒక విద్యాసంవత్సరము చాలును.

ఈ పాత చెత్తకు డబ్బు తగలవేయుట ఎందుకని కొందరు అడుగవచ్చును. వ్రాతప్రతులను కాపాడుట వ్యర్థము కాదని ఒప్పుకొన్నవారు మాటప్రతులను కాపాడుటను వ్యర్థమనజాలరు. మా దృష్టిలో అంతకంటె బరువైన ఆక్షేపణ మరొకటి ఉన్నది. పెండ్లి క్యాసెట్లలో ఆడవారి పందిరి దృశ్యములు ఉంటాయి. అవి పరాయి కండ్ల కొరకు తీసినవి కావు. ఈ సంకోచము న్యాయమైనది. దానిని పాత ఆచారమని త్రోసిపుచ్చరాదు. యజమాని వ్రాతపూర్వకమైన అనుమతి లేనిదే ఏ క్యాసెట్టును తాకరాదు. అట్టి దృశ్యములకు విద్యార్థినులే నకలు తీయవలెను. నకలు ఆ ఇంటివారికే అప్పగించవలెను. వారు మనసారా ఇచ్చిన భాగమే కళాశాలలో ఉండవలెను. దేనిని ఫోనుల ద్వారా పంచరాదు. సినిమా క్యాసెట్ల జోలికి పోనే కూడదు. వీడియో చౌర్యమును అరికట్టుటకు కాపీరైటు చట్టమును 1984లోనే సవరించి ఉన్నారు.

విద్యార్థి సోదర సోదరీమణులారా! మీ చేతిలోని ఫోను నేటి వేడుకను క్షణములో బంధించగలదు. కాని మీరు పుట్టకముందు మీ ఇంట మ్రోగిన నవ్వును అది వినిపించలేదు. ఈ సెలవులలో ఇంటికి వెళ్ళినపుడు అటక మీదికి ఒకసారి చూడండి. క్యాసెట్టు కనిపిస్తే ధూళి తుడిచి, నిలువుగా నిలిపి, అందులో ఎవరున్నారో పెద్దలను అడిగి పేర్లు వ్రాసుకొనండి. యంత్రమును తరువాతనైనను సంపాదించవచ్చును. ఆ ముఖములను గుర్తుపట్టగల పెద్దలు ఎల్లకాలము మన మధ్య ఉండరు.