పింఛను పట్టికలో లేని పేరు

కామారెడ్డి జిల్లాకు పడమటి కొసన డోంగ్లి యను మండలము కలదు. 2022లో తెలంగాణ ప్రభుత్వము క్రొత్తగా ఏర్పరచిన మండలములలో ఇది యొకటి. అంతకు పూర్వము డోంగ్లి మద్నూరు మండలములోని గ్రామము. నల్లరేగడి నేల. పత్తి, సోయా, కంది అచ్చటి పైరులు. మహారాష్ట్ర, కర్ణాటక సరిహద్దులు చేరువ యగుటచే తెలుగుతో పాటు మరాఠీ, కన్నడములును ఆ ప్రాంతమున వినవచ్చును.

ఇట్టి యూరిలో ఒక యింటిని ఊహింతము. భర్తకు ఏబది యేండ్లు. పక్షవాతము వచ్చి కుడి కాలు, కుడి చేయి పడిపోయినవి. భార్యకు నలుబదియారు. నిన్నటివరకు ఆమె కూలికి పోయెడిది. నేడు తెల్లవారుజామున అతనిని లేపి కూర్చుండబెట్టుట, స్నానము చేయించుట, అన్నము తినిపించుట, రాత్రి రెండుసారులు లేచి ప్రక్క మార్చుట ఆమె పని. సదరం శిబిరమున వైద్యులు చూచి అతనికి వికలత్వ ధ్రువపత్రము నిచ్చిరి, పింఛను మంజూరైనది. ఆ యింట ప్రభుత్వమునకు కానవచ్చిన మనిషి అతడొక్కడే.

ఈ మాటను నిందగా గాక లెక్కగా చూతము. 2014 నవంబరులో ఆసరా పథకము ఆరంభమైనప్పుడు వికలాంగులకు నెలకు 1,500 రూపాయలు, వృద్ధులకును వితంతువులకును 1,000 రూపాయలు నిర్ణయించిరి. 2019లో ఆ మొత్తములు 3,016, 2,016 అయినవి. 2023 జులై నుండి వికలాంగుల పింఛను 4,016కు పెరిగినది. ఆ యేటి శాసనసభ యెన్నికలలో చేయూత యను పేర ఇంతకంటె హెచ్చు మొత్తము వాగ్దానము చేయబడినది గాని, నేను లెక్కకు 4,016నే తీసికొనుచున్నాను.

2025-26 సంవత్సరమునకు తెలంగాణలో ఉపాధి హామీ పనికి ప్రకటించిన దినకూలి 307 రూపాయలు. పదమూడు దినముల కూలి 3,991 రూపాయలగును. అనగా నెలకు పదమూడు దినములు ఆమె పనికి పోలేకపోయినచో, భర్త పేర వచ్చిన పింఛను ఆమె కోల్పోయిన కూలితో ఇంచుమించు సరిపోవును. పదునాలుగవ దినమునుండి ఇల్లు నష్టములో పడును. ఏడాది పొడుగునను పని దొరకదనియు, పత్తి తీయు దినములలో కూలి వేరుగా నుండుననియు నేనెరుగుదును. అయినను లెక్క పోకడ మారదు. ఎనిమిదవ తరగతి బాలుడు అర నిముషములో చేయగల ఈ తీసివేత పింఛను నిర్ణయించు కాగితములలో ఎచ్చటను కానరాదు. అచ్చట ఉన్నది కూడిక మాత్రమే.

మరియొక విషయము. సాధారణముగా నలుబది శాతము వికలత్వము ఉన్నవారు ఈ పింఛనుకు అర్హులు. కర్ర యూతతో పొలము చుట్టివచ్చు వానికిని, మంచము దిగలేని వానికిని తెలంగాణలో మొత్తమొక్కటియే. మొదటివానికి మరొక మనిషి చేయి ఎప్పుడో అవసరము. రెండవవానికి ఒక మనిషి జీవితమే కావలెను. ఆంధ్రప్రదేశములో 2024 జులై నుండి ఈ తేడాను గుర్తించిరి. అచ్చట వికలాంగులకు సామాన్యముగా 6,000 రూపాయలు. పక్షవాతముతో మంచమునకో చక్రముల కుర్చీకో పరిమితమైన వారికి 15,000. ఇది పెద్ద అడుగే. కాని ఆ సొమ్మును రోగి పేరనే వ్రాసిరి. సేవ చేయువారి పేరు అచ్చటను లేదు.

దంపతుల విషయమున మన నిబంధనలు చిత్రముగా నుండును. వృద్ధాప్య పింఛనుకు ఇల్లే ప్రమాణము: భార్యాభర్తలిరువురకును వయసు నిండినను ఒకరికే ఇత్తురు. వికలత్వ పింఛనుకు మనిషి ప్రమాణము: ధ్రువపత్రము ఎవరిదో సొమ్ము వారిది. ఇల్లు ఒకటియని యెంచినచో ఇద్దరి కష్టమును ఒకటిగా కట్టవలసినది. మనిషిని మనిషిగా నెంచినచో సేవ చేయు మనిషిని కూడ లెక్కింపవలసినది. మనము ఈ రెండు పద్ధతులలో ఏది పొదుపో దానిని ఎచ్చటికచ్చట వాడుకొనుచున్నాము.

ఇక ఆ భర్త మరణించినాడనుకొందము. నాటితో 4,016 ఆగిపోవును. భార్య దరఖాస్తు పెట్టుకొన్నచో వితంతు పింఛను 2,016 వచ్చును. పదియేండ్లు చాకిరి చేసి, కూలికి దూరమై, నడుము వంగిన పిమ్మట ఆమె పేరు తొలిసారి పట్టికకెక్కును; అదియును అతడు పోయినందుకు.

చట్టము ఈ సంగతిని ఎరుగదా యన్నచో, ఎరుగును. పార్లమెంటు 2016లో వికలాంగుల హక్కుల చట్టమును చేసినది. 2017 ఏప్రిలునుండి అది అమలులోనికి వచ్చినది. (మన వితంతు పింఛను రూపాయలును, ఆ చట్టపు సంవత్సరమును ఒకే అంకె యగుట కేవలము కాకతాళీయము.) వికలాంగులకిచ్చు సహాయము, అట్టి పథకముల క్రింద ఇతరులకిచ్చు దానికంటె కనీసము నాలుగవ వంతు అధికముగా నుండవలెనని ఇరువదినాలుగవ సెక్షను చెప్పుచున్నది. ఈ నియమమును తెలంగాణ పాటించుటయే గాక మించినది. 2,016కు నాలుగవ వంతు చేర్చిన 2,520 మాత్రమే యగును గదా. అదే సెక్షనులో, అధిక సహాయము అవసరమైన వికలాంగులకు సంరక్షకుల భత్యము ఇయ్యవలెననియు ఉన్నది. సంరక్షకుడనగా కూలి పుచ్చుకొనువాడే కానక్కరలేదనియు, జీతము లేక సేవచేయు కుటుంబసభ్యులును సంరక్షకులే యనియు ఆ చట్టము నిర్వచించినది. ఆర్థిక శక్తిని బట్టి యను మాట కూడ చేర్చుటచే, ఆ భత్యము అనేక రాష్ట్రములలో చట్టపు పుటలు దాటి రాలేదు. తెలంగాణ పింఛనుల వర్గములలో వృద్ధులు, వితంతువులు, వికలాంగులు, చేనేతవారు, గీతవారు, బీడీ కార్మికులు, ఒంటరి స్త్రీలు మున్నగువారున్నారు. సంరక్షకులను వర్గము లేదు.

సంరక్షకుడను మాటయే మనకు ఈ యర్థమున క్రొత్తది. ఉపాధ్యాయులకు అది ప్రవేశపు రిజిస్టరులో తండ్రికి బదులు సంతకము చేయు పెద్దమనిషి. రోగిని కనిపెట్టియుండు భార్యకు మన పల్లెలలో వేరు పేరు లేదు. "ఇంటామెనే చూస్కుంటది" అందురు. పేరు లేని పనికి పద్దు వ్రాయుట కష్టమే.

ఈ గుడ్డితనము మనకొక్కరికే కలదనుకొనరాదు. ఇంగ్లండులో 1976లో రోగులకు సేవచేయు వారికి ఒక భత్యము నేర్పరచిరి. భర్తతో కాపురముండు స్త్రీకి మాత్రము అది నిరాకరించిరి. ఆమె ఎట్లును ఇంటిపట్టుననే యుండును గదా యని వారి తర్కము. జాక్విలిన్ డ్రేక్ అను వివాహిత, తన తల్లిని చూచుకొనుటకై 1984లో ఉద్యోగము మాని, భత్యమడిగి, కాదనిపించుకొని న్యాయస్థానమున కెక్కినది. 1986 జూన్ 24న యూరోపియను న్యాయస్థానము ఆమె పక్షమున తీర్పు చెప్పినది. పది సంవత్సరములు వేలాది స్త్రీల సేవను భార్య యను ఒక్క మాట క్రింద దాచివేసిరి. ఇప్పుడచ్చట వారమునకు ముప్పదియైదు గంటలు సేవచేయు వారికి, 2025-26 లెక్క ప్రకారము, 83 పౌనుల 30 పెన్సులు వచ్చును. భార్యాభర్తలిరువురును వికలాంగులై ఒకరినొకరు చూచుకొనుచున్నచో, నిబంధనలు కుదిరినంతవరకు ఇద్దరును అడుగవచ్చును. అచ్చటను చిక్కులు లేకపోలేదు: ముదిమి పింఛను వచ్చినచో ఈ భత్యము సాధారణముగా అందులో మునిగిపోవును, ఒకరు సంరక్షణ సొమ్ము తీసికొన్నచో రోగికి వచ్చు మరియొక అదనపు సహాయము కొన్నిచోట్ల తెగిపోవును. ఒక చేత నిచ్చి మరొక చేత తీసికొనుటయన్నమాట. అయినను వారి చిక్కు పద్దులు తగులుకొనుటవలన. మన చిక్కు పద్దే లేకపోవుటవలన.

అంత దూరము పోనక్కరలేదు. కేరళలో ఆశ్వాసకిరణమను పథకము కలదు. మంచమున పడినవారిని చూచుకొను వారికి నెలకు 600 రూపాయలు దానిలో నిర్ణయించిరి. రెండు దినముల కూలికి అది సరిపోదు. అయినను భార్యయో తల్లియో సంరక్షకురాలిగా ఒక సర్కారు కాగితముమీద నిలిచినది. సేవకు సొమ్మిచ్చినచో స్త్రీని ఇంటికే కట్టివేసినట్లగునని కొందరి వాదము. దానిలో కొంత నిజము లేకపోలేదు. కాని సొమ్మీయకపోవుటచే ఆమె కట్టు ఏమి వదలినదో వారు చెప్పరు.

ఆ భార్య మరల కూలికి పోయినచో, పగటివేళ ఇంట నిలుచునది ఎవరు? చాలచోట్ల కూతురు. ఏడవ తరగతిలో కొన్నాళ్లు కనబడి, కొన్నాళ్లు కనబడక, పత్తి తీయు నెలలో పూర్తిగా మానివేయు బాలిక. ఆ యింటి సేవ ఏ పుస్తకములోను లేదంటిని గాని, ఒక పుస్తకములో ఉన్నది. అది హాజరుపట్టి, దానిలో అది గైర్హాజరుగా నమోదైనది. అందుచేతనే ఈ విషయమును ఉపాధ్యాయుల ముందుంచుచున్నాను.

అదే చట్టములోని ముప్పదియెనిమిదవ సెక్షను ప్రకారము, నలుబది శాతమునకు తక్కువ కాని వికలత్వముండి అధిక సహాయము కావలసినవాడు తానుగా దరఖాస్తు చేసికొనవచ్చును. అతని పక్షమున మరెవ్వరైనను చేయవచ్చును. మరెవ్వరైనను అనుటలో బడిపంతులును చేరును. దరఖాస్తులో భర్త వికలత్వ శాతముతో పాటు, రోజునకు ఎన్ని గంటలు ఎవరు చూచుకొనుచున్నారో, అందుకై వారు నెలకు ఎన్ని దినముల కూలి వదలుకొనుచున్నారో కూడ వ్రాయవలెను.