బోరు వేసే ముందు అడగాలి, వేశాక చెప్పాలి

పోస్టు పెద్దది. ఓపికతో చదవండి. తిట్టాలనుకున్నోళ్ళు కూడా చివరిదాకా చదివి తిట్టండి.

మన మధ్య ఈ మధ్య ఒక మాట బాగా వినబడుతోంది. చదువుకున్న మనోళ్ళే అంటున్నారు: "సర్వే వేరు, మైనింగ్ వేరు. సర్వే అంటే సైన్సు. నేల కింద ఏముందో తెలుసుకుంటే తప్పేంది? తవ్వడానికొచ్చినప్పుడు కొట్లాడుదాం." వినడానికి తెలివైన మాటే. కానీ మనల్ని ముంచేది ఇదే.

ముందు బొగ్గు ముచ్చట చూద్దాం. 1871లో జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాకు చెందిన డాక్టర్ కింగ్ ఇల్లందు దగ్గర బొగ్గు కనిపెట్టాడని సింగరేణి చరిత్ర చెబుతుంది. 1886 కల్లా ఇంగ్లండులో పెట్టిన హైదరాబాద్ దక్కన్ కంపెనీకి తవ్వే హక్కులు వచ్చేశాయి. నడుమ పదిహేనేండ్లు. ముఖ్యమైన బొగ్గు పొరకు 'కింగ్ సీమ్' అని ఆ దొర పేరే పెట్టుకున్నారు. ఆ అడవుల్లో తరతరాలుగా ఉన్న కోయోళ్ళ పేరు ఏ పొరకు పెట్టారు?

పేరు పెట్టినా ఒరిగేదేం లేదనడానికి ఇంకో ఉదాహరణ ఉంది. తూర్పు కనుమల్లో ఎక్కువగా కనబడే రాయిని జియాలజీ పుస్తకాల్లో 'ఖోండలైట్' అంటారు. 1902లో వాకర్ అనే శాస్త్రవేత్త ఖోండు ఆదివాసుల పేరు మీద పెట్టిన పేరది. ప్రపంచమంతా విద్యార్థులు ఆ పేరు రాసి మార్కులు తెచ్చుకుంటున్నారు. అరకు, అనంతగిరి, చింతపల్లి కొండల మీది బాక్సైటు ఆ రాయి లక్షల ఏండ్లు నాని, మురిగి తయారైందే. మరి రాయికి ఆదివాసి పేరు పెట్టినోళ్ళు కొండ మీద ఆదివాసి మాట విన్నారా? 2015 నవంబరులో చింతపల్లి అడవుల్లో 1,212 హెక్టార్లు బాక్సైటుకు ఇస్తూ 97 నంబరు జీవో వచ్చింది. మన్యం జనం రోడ్డెక్కారు. 2019లో అది రద్దయింది. రద్దు చేయించింది జనం కొట్లాట. ఏ శాస్త్రవేత్త రిపోర్టూ వాళ్ళ వైపు నిలబడలేదు.

ఇప్పుడు నల్లమల. 2019 మేలో కేంద్ర అటవీ సలహా సంఘం అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో 83 చదరపు కిలోమీటర్లలో యురేనియం వెతకడానికి సూత్రప్రాయంగా ఒప్పుకుంది. అడిగింది మన బేగంపేటలో ప్రధాన కార్యాలయం ఉన్న అణు ఖనిజ సంస్థ. వేస్తామన్నవి నాలుగు వేల బోర్లు. "సర్వేనే కదా" అనే అన్నా, ఆగి లెక్క చూడు. చదరపు కిలోమీటరుకు దాదాపు యాభై బోర్లు. బోరు బండి నడిచి రాదు, దానికి తొవ్వ కావాలి. తొవ్వకు చెట్లు పోవాలి. తేనెకు, గడ్డలకు, జిగురుకు తిరిగే చెంచులు ఆ మోతలో, ఆ దుమ్ములో ఎటు పోవాలి? గని రాకముందే అడవి సగం అడవి కాకుండా పోతది.

నీళ్ళ సంగతి ఇంకా ఉంది. ఆ ప్రాంతంలో కింద గ్రానైటు, పైన శ్రీశైలం క్వార్ట్‌జైటు. ఆ రెండూ కలిసే చోటే యురేనియం ఉందని వాళ్ళ పరిశోధనే చెబుతుంది. గట్టి రాతి నేలలో నీళ్ళు కూడా పగుళ్ళ వెంబడే నడుస్తాయి. బోరు వేసి సరిగ్గా పూడ్చకపోతే పైనీరు, కిందినీరు కలిసిపోతాయి. ఈ భయం ఉత్తగా పుట్టింది కాదు. కడప జిల్లా తుమ్మలపల్లెలో యురేనియం శుద్ధి వ్యర్థాల చెరువు చుట్టూ ఉన్న ఊళ్ళ రైతులు బోరు నీళ్ళు పాడయ్యాయని ఏండ్ల నుంచి మొత్తుకుంటున్నారు. వాళ్ళు ఆదివాసులు కూడా కాదు. అరటి తోటల రైతులు. వాళ్ళ మాటకే దిక్కు లేనప్పుడు పెంటల్లో ఉండే చెంచు మాటకు ఏం విలువుంటది?

"ఛత్రినాకలో రూముల కూసోని నల్లమల గురించి ఏం రాస్తవు" అని ఒక తమ్ముడు అడిగాడు. సరే, ఛత్రినాక నుంచే చెప్తా. పట్నం తాగే నీళ్ళలో పెద్ద వాటా కృష్ణది. నాగార్జునసాగర్ నుంచి అక్కంపల్లి జలాశయానికి ఎత్తి, అక్కడి నుంచి పైపుల్లో పట్నానికి తెస్తారు. ఆ కృష్ణ నల్లమలను ఒరుసుకుంటూ పారే నది. సాగర్ పక్కనే లంబాపూర్, పెద్దగట్టులో యురేనియం తవ్వుతామని 2003లో ప్రజాభిప్రాయ సేకరణ పెడితే తండాల జనం అడ్డం నిలబడ్డారు. ఆ గని రాలేదు. తండావాళ్ళు కాపాడిన నీళ్ళే బస్తీ కుళాయిలో వస్తున్నాయని పట్నపోళ్ళకు ఎవరైనా చెప్పారా?

2020 అక్టోబరు వానలకు బాలాపూర్ గుర్రం చెరువు కట్ట తెగి ఛత్రినాక, ఉప్పుగూడ వైపు బస్తీలు మునిగాయి. ఏ చెరువు నిండితే నీళ్ళు ఏ నాలాలో పడతాయో ప్రభుత్వ పటాల్లో ఎప్పటి నుంచో ఉంది. పటం ఆఫీసులో ఉంది, నీళ్ళు ఇంట్లోకి వచ్చాయి. నష్టపోయేటోడి చేతిలో ఆ కాయితం లేదు. బస్తీ పేదోడికైనా, పెంటలో చెంచుకైనా జరుగుతున్నది ఒకటే.

ఇంకో లెక్క. బొగ్గు రిపోర్టు నుంచి గని హక్కులకు పదిహేనేండ్లు అని చెప్పాను గదా. అప్పటి నెల్లూరు జిల్లా, ఇప్పటి ప్రకాశం పల్లెల్లో నీళ్ళలో ఫ్లోరైడు వల్ల ఎముకలు వంగుతున్నాయని 1937లోనే రాశారు. తర్వాత నల్గొండలోనూ తేలింది. శాస్త్రవేత్తలు వచ్చారు, సీసాల్లో నీళ్ళు పట్టుకుపోయారు. నల్గొండ పల్లెల ఇండ్లకు నది నీళ్ళు రావడానికి మిషన్ భగీరథ దాకా, అంటే 2016 తర్వాతి దాకా ఆగాల్సి వచ్చింది. కంపెనీకి లాభముంటే రిపోర్టుకు రెక్కలొస్తాయి. పేదోడి నీళ్ళ గురించైతే అదే రిపోర్టు బీరువాలో పండుకుంటది. సైన్సు ఒకటే. దాన్ని కదిలించే చెయ్యి వేరు.

చట్టం చూసుకుంటదిలే అనుకుంటున్నారా? పీసా చట్టం 1996లో వచ్చింది. అందులో అన్వేషణ లైసెన్సుకు గ్రామసభ లేదా పంచాయతీ ముందస్తు సిఫారసు తప్పనిసరి అని ఉంది. కానీ చిన్న ఖనిజాలకే, అంటే ఇసుక, కంకర లాంటి వాటికి. బొగ్గు, బాక్సైటు, యురేనియం అందులోకి రావు. 1997 సమతా తీర్పు మన ప్రాంతంలో ప్రైవేటు కంపెనీలకు గనుల లీజులు ఇవ్వొద్దంది. ప్రభుత్వ సంస్థ వెతకడాన్ని ఆపలేదు. 2023లో అటవీ సంరక్షణ చట్టాన్ని సవరించి, అడవిలో చేసే సర్వే, అన్వేషణ అటవీయేతర పని కిందికి రాదనేశారు. కేంద్రం షరతులు పెడితే చాలు. 2025 సెప్టెంబరులో అణు, కీలక ఖనిజాల గనులకు ప్రజాభిప్రాయ సేకరణ కూడా అక్కర్లేదన్నారు. ఇప్పుడు చెప్పండి, "తవ్వేటప్పుడు కొట్లాడుదాం" అనేటోళ్ళు ఏ మీటింగులో కొట్లాడతారు? ఆ మీటింగే పెట్టరు. సర్వే దగ్గర నోరు మూసుకుంటే తర్వాత నోరు తెరిచే జాగా ఉండదు.

అట్లని సైన్సే శత్రువు అనే అన్నలతో నేను లేను. వాళ్ళతోనూ నాకు పేచీ ఉంది. కేంద్ర భూగర్భ జల సంస్థ నేల కింద నీళ్ళు నిలిచే పొరల పటాలు గీస్తోంది. ఆ పటం ఉంటే గూడెంలో ఎక్కడ బోరు వేస్తే నీళ్ళు పడతాయో, ఎక్కడ వేస్తే పైసలు మట్టిల పోతాయో తెలుస్తుంది. ఉప్పల్‌లోని ఎన్‌జీఆర్‌ఐ 1961 నుంచి ఈ పని చేస్తోంది. ఆ చదువు మనకు వద్దంటే నష్టం మనకే. రాయిని చదవడం తప్పు కాదు. మనల్ని అడగకుండా చదివి, చదివింది మనకు చెప్పకుండా వేరేటోళ్ళకు చెప్పడమే తప్పు.

అందుకే మనం అడగాల్సినవి మూడే.

ఒకటి. ఏ సంస్థ వచ్చినా, ఏ ఖనిజానికైనా, మొదటి బోరుకు ముందే గ్రామసభ ఒప్పుకోవాలి. ఎన్ని బోర్లు, ఎంత లోతు, ఎట్ల పూడుస్తారు అన్నది అక్కడ చెప్పాలి. కాదంటే కాదే.

రెండు. బోరు బండి రాకముందే ఊరి బావులు, చెలిమెలు, వాగులు పరీక్ష చేసి ఆ కాయితం ఊరికి ఇయ్యాలి. రేపు నీళ్ళు చెడితే "ముందు నుంచే అట్లుంది" అనే మాట నడవొద్దు.

మూడు. రిపోర్టు తెలుగులో రాయాలి. కోయ, గోండి, లంబాడీ, చెంచుల మాటలో గ్రామసభలో చదివి వినిపించాలి. భూకోశ్ అని జియలాజికల్ సర్వేకు వెబ్‌సైటు ఉంది, అన్నీ అందులో పెట్టాం అంటారు. సిగ్నల్ లేని పెంటలో, ఇంగ్లీషు రాని ముసలమ్మకు అది ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే.

ఇక మనం చేయాల్సింది. జియలాజికల్ సర్వే దక్షిణ ప్రాంత ఆఫీసు, భూగర్భ జల సంస్థ ఆఫీసు రెండూ నాగోల్ దగ్గరి బండ్లగూడలోనే ఉన్నాయి. మన చాంద్రాయణగుట్ట బండ్లగూడ కాదు, పొరపడకండి. ఛత్రినాక నుంచి సిటీ బస్సులో పోయి రావచ్చు. సమాచార హక్కు దరఖాస్తుకు పది రూపాయలు. మీ మండలం పేరు రాసి అడగండి: మా దగ్గర ఏ సర్వే జరిగింది, ఎన్ని బోర్లు వేశారు, పూడ్చారా, నీటి పరీక్షల్లో ఏం తేలింది? ఒక్కొక్కరు ఒక్క మండలం తీసుకున్నా మన ఏజెన్సీ అంతా వచ్చేస్తుంది.

డిగ్రీలో ఉన్న తమ్ముళ్ళు, చెల్లెండ్లకు ఒక్క మాట. గ్రూప్స్, డీఎస్సీ, కానిస్టేబుల్ తప్ప ఇంకో దారే లేనట్టు చదువుతున్నాం. యూపీఎస్సీ జియో సైంటిస్ట్ పరీక్ష ఉందని మనలో ఎంతమందికి తెలుసు? జియలాజికల్ సర్వేకు, భూగర్భ జల సంస్థకు అందులోంచే తీసుకుంటారు. ఎస్టీ రిజర్వేషన్ ఉంది. జియాలజీలో ఎమ్మెస్సీ ఉస్మానియాలోనే ఉంది. రేపు కొండ మీదికి వచ్చే జీపులో మనోడో మనమ్మాయో ఉండాలి. ఉండి, దిగంగానే ముందు ఊరి పెద్దల దగ్గరికి పోవాలి.

దరఖాస్తు నమూనా రాసి పెడతా. ఎవరు ఏ మండలం తీసుకుంటారో కింద రాయండి. నేను అమ్రాబాద్ తీసుకుంటున్నా.

జల్, జంగల్, జమీన్. జోహార్.