కంప్యూటరు మూగవోయినపుడు

మన యిండ్లలోగాని బడులలోగాని కంప్యూటరు పనిచేయక నిలిచినచో మొదట వినవచ్చు మాట "ఇది పోయినది, క్రొత్తది కొనవలయును" అనునదియే. రోగమెఱుంగక మందిచ్చు వైద్యుని మెచ్చని మనము, యంత్రము నెడల మాత్రమిట్టి తొందర చూపుట తగదని నా యభిప్రాయము.

పరీక్షకొక క్రమము కలదు. సులభమైనది ముందు, కష్టమైనది వెనుక. ఒక్కసారికి ఒక్క మార్పు మాత్రమే. రెండు భాగములను ఒక్కమాఱే మార్చినచో దోషమెందున్నదో తెలియదు. పెట్టెలో ప్రాణమే లేకున్నచో, ముందుగా ఆ ప్లగ్గుచోటనే యొక బల్లదీపమును పెట్టి చూడుడు. దీపము వెలిగినచో తీగ రెండు కొనలను గట్టిగా నొక్కి, పెట్టె వెనుకనున్న చిన్న స్విచ్చిని గమనింపుడు. గది తుడుచునపుడు చేయి తగిలి యది ఆఱిపోవుట కలదు. అప్పటికిని కదలిక లేకున్నచో ఎస్.ఎం.పి.ఎస్.ను శంకింపవలయును. ఇంటి 230 వోల్టుల విద్యుత్తును 12, 5, 3.3 వోల్టులుగా మార్చి లోపలి భాగములకు పంచునది యిదియే. దీనిని మాత్రము విప్పరాదు. ప్లగ్గు తీసిన పిదపను అందలి కెపాసిటర్లలో ప్రమాదకరమైన విద్యుత్తు నిలిచియుండవచ్చును. ఎచట ఆగవలయునో యెఱుంగుటయు విద్యయే.

ఫ్యాను తిరుగుచు తెర చీకటిగా నున్నచో మానిటరు తీగను, ఆపై ర్యామ్‌ను చూడవలయును. కొంతసేపు పనిచేసి ఆఱిపోవుచున్నచో తఱచుగా దుమ్మును, దానివలన కలిగిన వేడియును కారణములు. ప్రతిదినము గడియారము వెనుకకు పోవుచున్నచో 3 వోల్టుల నాణెపు బ్యాటరీ క్షీణించినదని తలపవచ్చును.

అయితే వీనియన్నిటికంటె ముందడుగవలసిన ప్రశ్న యొకటి కలదు: "ఇది చెడుటకు ముందేమి జరిగినది?"

నేనెఱిగిన యొక బడిలో కంప్యూటరు పదిదినములు మూగవోయి యుండెను. మదర్‌బోర్డు మార్చవలయునని మరమ్మతు చేయువాడు చెప్పెను. అందులకు పైకము కూర్చుచుండగా నొక బాలుడు వచ్చి, లోపలి వింత చూడగోరి తాను ర్యామ్‌ను ఊడదీసి మరల పెట్టినట్లు కన్నీటితో చెప్పెను. విప్పి చూడగా అది సగమే దిగియుండెను. ఉపాధ్యాయుడు ప్లగ్గు తీసి, లోహపు పెట్టెను తాకి చేతి స్థిరవిద్యుత్తును పోగొట్టుకొని, దానిని టక్కుమనునట్లు నొక్కెను. మరల ప్లగ్గు పెట్టగా తెర వెలిగెను. యంత్రమును మూగచేసినది ర్యామ్. బాలుని మూగచేసినది భయము.

పిల్లలను యంత్రముల దరికే రానీయరాదని కొందఱందురు. నేనట్లు తలపను. పెద్దల కనుసన్నలలో నేర్చినవాడు చాటున విప్పబోడు. తలిదండ్రులారా, ఉపాధ్యాయులారా, నిజము చెప్పిన బిడ్డను దండింపకుడు. విద్యార్థులారా, మీ చేతి తప్పును దాచకుడు. దోషము నొప్పుకొనుటయే మరమ్మతునకు మొదటి మెట్టు. ఇది యంత్రములకు మాత్రమే చెల్లు మాట కాదు.