పక్షి వీక్షణము విహారమా, విద్యయా?

కార్తీక మాసము వచ్చినదనగానే మన జిల్లాలో వనభోజనముల సందడి మొదలగును. మంగినపూడికి, హంసలదీవికి బస్సులు కదలును. మన కళాశాలనుండి కూడ ఏటేటా ఒక విహారయాత్ర సాగుచునే ఉన్నది. కమిటీవారు అందుకు కొంత ధనము మంజూరు చేయుచునే ఉన్నారు. మేము ఈ వ్యాసమున కోరునది క్రొత్త ధనము కాదు. అదే ఋతువులో, అదే ఖర్చుతో, రెండు రోజుల పక్షి వీక్షణ కార్యక్రమమును కళాశాల తన వార్షిక ప్రణాళికలో చేర్చవలెనని మా మనవి. శనివారము కొల్లేటి గట్టున, ఆదివారము పాలకాయతిప్ప సముద్రతీరమున. వెంట దారి చూపుటకు ఆయా ప్రాంతములవారే యుండవలెను.

ఈ మాట ఉపాధ్యాయుల గదిలో అనగానే ఒక మిత్రుడు నవ్వి, "కొంగలను చూచుటకు కైకలూరు దాకా పోవలెనా? మన కాలేజీ వెనుక మురుగు కాలువలో లేవా?" అన్నారు. ఉన్నవి. కాని ఆ కాలువ గట్టున పది నిమిషములు నిలిచి వానిని చూచినవారు మనలో ఎందరో వారు చెప్పలేదు. మరియొకరు, "అది జంతుశాస్త్ర శాఖవారి పని, తెలుగు పంతులుకేల?" అన్నారు. ఈ రెండవ ప్రశ్నకే ముందు సమాధానము చెప్పుకొనవలసియున్నది.

తరగతి గదిలో మేము నలోపాఖ్యానమును బోధింతుము. హంస దమయంతి వద్దకు రాయబారము పోవును. విద్యార్థులు శ్రద్ధగా వినెదరు, పరీక్షలో చక్కగా వ్రాసెదరు. ఒకనాడు హంస బొమ్మ వేయుమని అడుగగా తరగతి అంతయు క్యాలెండరులలో కనబడు పొడుగు మెడ గల ఐరోపా పక్షిని గీసినది. మన ప్రాచీనులు హంస యన్నది ప్రధానముగా అడవి బాతు జాతి పక్షిని. తలపై రెండు నల్లని పట్టెలు గల ఒక పెద్ద బాతు వేసవిలో టిబెట్టు పీఠభూమి సరస్సుల వద్ద గ్రుడ్లు పెట్టి, చలికాలమునకు హిమాలయములను దాటి మన దేశపు చెరువులకు దిగును. ఎండలు ముదురకముందే తిరిగి పోవును. వానకాలము రాగానే హంసలు మానస సరోవరమునకు పోవునని కవిసమయము. పాలను నీటిని వేరుచేయుట కల్పనయే కావచ్చును గాని, ఆ ప్రయాణము మాత్రము కల్పన కాదు. ఈ సంగతి మేము ఎం.ఏ. చదువునాడు మాకెవరును చెప్పలేదు.

ఉర్దూ తరగతిలోని స్థితియు ఇదియే. ఇక్బాల్ కవిత్వములోని షాహీన్‌ను గూర్చి పుటలకొలది వ్రాయు విద్యార్థి ఆకాశమున గిరికీలు కొట్టు డేగకు, గ్రద్దకు భేదము చెప్పలేడు. 2014 అక్టోబరు 12న విశాఖపట్టణమును తాకిన పెనుతుఫానువలన హుద్‌హుద్ అను పేరు ఆంధ్రదేశమంతయు మారుమ్రోగినది. ఒమాను దేశమువారు సూచించిన ఆ పేరు ఒక పిట్టది. సులేమాను ప్రవక్తకు సబా రాణి వార్తను తెచ్చిన పిట్టగా ఖురాను నమల్ సూరాలో దాని ప్రస్తావన ఉన్నది. తెలుగువారు దానిని కూకుడు గువ్వ అందురు. తలపై విసనకర్రవంటి తురాయితో, పచ్చికలో ముక్కు గ్రుచ్చి పురుగులను ఏరుకొను ఆ పిట్ట మన ఆటస్థలమునకు సైతము వచ్చును. పేరు తెలిసినవారు పిట్టను ఎరుగరు. పిట్టను చూచినవారు పేరు ఎరుగరు.

గత కార్తీకమున మేము పద్దెనిమిది మంది విద్యార్థులతో, ఎవరి ఖర్చు వారే పెట్టుకొని, ఈ రెండు రోజుల కార్యక్రమమును నడిపి చూచినాము. మొదటి దినము గుడివాడ మీదుగా కైకలూరు చేరి, అచ్చటికి సమీపముననే యున్న ఆటపాక పక్షి కేంద్రమునకు పోయినాము. కృష్ణా గోదావరి డెల్టాల నడుమ పల్లములో ఏర్పడిన మంచినీటి సరస్సు కొల్లేరు. బుడమేరు, తమ్మిలేరు మొదలగు ఏరులు దానిలో కలియును; ఉప్పుటేరు ఆ నీటిని సముద్రమునకు చేర్చును. ఆటపాకలో నీటి నడుమ చెట్లమీద, అటవీ శాఖవారు పాతిన ఇనుప స్టాండ్లమీద గూడబాతులు గుంపులుగా గూళ్ళు కట్టుకొని యుండెను. ఆంగ్లమున పెలికన్ అను పక్షి ఇదియే.

పడవ నడిపిన పెద్దాయన కొల్లేటి లంక గ్రామమువాడు. పిల్లలు ఆయనను బాబాయి అని పిలిచినారు. ఒక విద్యార్థిని, "ఇవన్నీ సైబీరియా నుంచి వచ్చినవా బాబాయ్?" అని అడిగినది. అందరును అడుగు ప్రశ్నయే అది. పత్రికలును అట్లే వ్రాయుచున్నవి. ఆయన తెడ్డు ఆపి, "ఎవరు చెప్పారమ్మా? ఇయ్యి ఇక్కడియ్యే. ఇక్కడే గూడు కడతాయి, ఇక్కడే పిల్లల్ని లేపుతాయి. నీళ్ళు తగ్గితే ఇంకో చెరువుకి పోతాయి, మళ్ళా వస్తాయి," అన్నాడు. ఆయన చెప్పినది శాస్త్రసమ్మతము. ముక్కుపై మచ్చలు గల ఈ గూడబాతు మన దక్షిణాసియా పక్షి. నీటి వసతిని బట్టి ఒక తావునుండి మరియొక తావునకు పోవునే గాని సైబీరియా ముఖమెరుగదు. ఇక్కడనే పుట్టి, ఇక్కడనే పిల్లలను పెంచు జీవిని ఎక్కడినుండి వచ్చితివని అడుగుట మనుషుల విషయమునను ఉన్న అలవాటే. పాపము, గూడబాతునకు జవాబు చెప్పు అవసరము లేదు.

దాని పేరు విషయమున మాకు కలిగిన ఆనందమును ఇచ్చట చెప్పక తప్పదు. ఇద్దరు మనుషులు చెరియొక ప్రక్క నిలిచి తాళ్ళతో ఊపుచు చేనికి నీరు తోడు గూడ మన పెద్దలకు తెలిసినదే. ముక్కు క్రింద వ్రేలాడు సంచితో నీటిని చేపలతో సహా తోడుకొనుట చూచినచో గూడబాతు అను పేరు ఎట్లు వచ్చినదో ఎవరును వివరింపనక్కరలేదు. ఉర్దూలో ఈ పక్షిని హవాసిల్ అందురు. పక్షి గొంతులోని సంచికి అరబ్బీలో పేరు హౌసలా. నేడు మన ఇండ్లలో ధైర్యమునకు, సాహసమునకు వాడు హౌసలా అను మాట అదియే. ఎంత పట్టునో అంత సంచి, ఎంత సంచియో అంత గుండె! ఒకరినొకరు ఎరుగని రెండు భాషలు ఒకే పక్షిని చూచి, ఒకే అవయవమును పట్టుకొని పేరు పెట్టినవి. ఉర్దూ, తెలుగు రెండును బోధించు కళాశాలలో పదేండ్లు పనిచేసియు మేము దీనిని గ్రంథాలయములో కనుగొనలేదు. పడవలో కూర్చున్నప్పుడు ఒక ఉర్దూ విద్యార్థి హవాసిల్ అనగా తోచినది.

అయితే ఆ పడవలో ఆనందము మాత్రమే లేదు. తిరుగు ప్రయాణమున ఒక బాలిక మెల్లగా, "సర్, మా నాన్న ఈ పక్షులను తోలడానికే టపాకాయలు కొంటారు," అన్నది. వారిది చేపల చెరువు. బొచ్చె, శీలావతి పిల్లలను అప్పుచేసి తెచ్చి పోసిన రైతునకు తెల్లవారుజామున దిగిన గూడబాతుల గుంపు అందముగా కనబడునా? మన విద్యార్థులలో పలువురు చెరువులమీద కాపలా కాయువారి బిడ్డలు, ఐసు పెట్టెలతో లారీలకెత్తు కూలీల తమ్ములు. కొల్లేటిని 1999లో అభయారణ్యముగా ప్రకటించినారు. ఐదవ కాంటూరు వరకు 308 చదరపు కిలోమీటర్లు దాని పరిధి. 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యము గల చిత్తడి నేలగా రామ్సార్ జాబితాకెక్కినది. 2006లో సరస్సు గర్భమున తవ్విన చెరువుల గట్లను వేలాది ఎకరములలో తెగగొట్టినారు. అప్పుడు పోయినవానిలో ధనవంతుల చెరువులున్నవి, లంకల మత్స్యకారుల సొసైటీ చెరువులును ఉన్నవి. ఈ వివాదము నేటికిని తీరలేదు.

ఇటువంటి సమస్యపై మన విద్యార్థి ఎట్టి అభిప్రాయము కలిగియుండవలెనో చెప్పుట మా ఉద్దేశము కాదు. కాని చూడకుండ అభిప్రాయము కలిగియుండరాదని మాత్రము గట్టిగా చెప్పుచున్నాము. నత్తగుల్ల కొంగ పొలములోని నత్తలను తిని రైతునకు మేలు చేయుననియు, దున్నుచున్న ట్రాక్టరు వెనుక నడచు తెల్లకొంగ పురుగులను ఏరుననియు ఆ బాలిక ఆనాడు స్వయముగా చూచినది. గూడబాతు చేపలను తినుననియు చూచినది. ఇంటికి పోయి తండ్రితో ఏమి చెప్పినదో మేము అడుగలేదు.

తెలుగు పంతులుకేల అన్నవారి ప్రశ్నకు కొల్లేటి చరిత్రలోనే జవాబున్నది. 1946లో పశ్చిమ గోదావరి జిల్లా ఆరేడు గ్రామమున గూడబాతుల మహా నివాసమును కనుగొని లోకమునకు తెలిపినవాడు కె.కె. నీలకంఠన్. ఆనాడచ్చట సుమారు 3000 పక్షులు గూళ్ళు కట్టియుండెనట. ఈ నీలకంఠన్ వృత్తిచేత ఆంగ్ల సాహిత్యాధ్యాపకుడు. తరువాత ఇందుచూడన్ అను కలముపేరుతో కేరళ పక్షులపై మలయాళమున 1958లో ఒక గ్రంథమును ప్రకటించి, ఆ రాష్ట్రమున ఇంటింట పక్షులను చూచు అలవాటునకు బీజము వేసినాడు. ఆరేడు నివాసము 1970వ దశకపు నడుమకు అంతరించిపోయినది. మన గడ్డపై పక్షులను చూచి ఒక పొరుగు భాషా పండితుడు తన భాషకు గ్రంథమిచ్చుకొనగలిగినాడు. ఆ పక్షులు మన కన్నుల యెదుటనే పోయినవి, వాని పేర్లను సేకరించు పని ఇంకను మన పల్లెలలో మిగిలియే ఉన్నది.

రెండవ దినము పాలకాయతిప్ప. చల్లపల్లి, అవనిగడ్డ, కోడూరు దాటి పోవుకొలది చేలు తరిగి, ఉప్పు నేలలు, మడ అడవులు కనబడును. హంసలదీవి ప్రక్కనే. నల్లని కాకి రూపమున వచ్చిన గంగ కృష్ణా సంగమమున మునిగి తెల్లని హంసయైనదని ఆ ఊరి స్థలపురాణము; ఊరి పేరే ఒక పక్షి! యాత్రికులు సంగమస్నానము చేసి, సముద్రమువైపు నిలిచి ఫొటోలు తీసుకొని మరలిపోవుదురు. మేము పాటు సమయమునకు చేరితిమి. నీరు వెనుకకు తీసిన బురద నేలమీద పిడికెడంత పిట్టలు వందలకొలది పరుగులిడుచు, ఆగుచు, ముక్కుతో పొడుచుచుండెను. కొడవలివలె క్రిందికి వంగిన పొడుగు ముక్కు గల పెద్ద పిట్ట ఒకటి వానికి దూరముగా ఒంటరిగా నడచుచుండెను. ఉత్తరాసియా మైదానములనుండి నిజముగా వేల మైళ్ళు ఎగిరి వచ్చిన అతిథులు వీనిలోనే ఉన్నవి. వీనిని చూచుటకు టిక్కెట్టు లేదు, జనము లేదు. పరిమాణము చిన్నది, రంగు బురద రంగు, ఎవరు చూతురు?

తీరమున దారి చూపిన యువకుడు తాబేళ్ళు గ్రుడ్లు పెట్టు చోటులను కూడ చూపినాడు. ఈ తీరమునకు చలికాలము చివర ఆలివ్ రిడ్లే తాబేళ్ళు వచ్చును. 1977 నవంబరు 19నాటి ఉప్పెనలో ఈ ప్రాంతపు పల్లెలు తుడిచిపెట్టుకొనిపోయినవి. దివిసీమలో వేలాది ప్రాణములు పోయినవి. అతడు పుట్టకముందటి మాట. అయినను తన తాత చెప్పినట్లుగా, నీరు ఎక్కడిదాకా వచ్చినదో చేయి చాచి చూపినాడు. అప్పుడు పిల్లలు పిట్టలను విడిచి మడ చెట్ల వేళ్ళను చూచినారు. అలల వేగమును తగ్గించునవి ఆ వేళ్ళే. చేపపిల్లలకు దాగుచోటు ఇచ్చునవియు, ఆ పక్షులకు మేత పెంచునవియు అవియే. ఈ పాఠమును నల్లబల్లమీద చెప్పుటకు మాకు శక్తి చాలదు.

అందుచేతనే దారి చూపువాడు స్థానికుడై యుండవలెనని మా పట్టు. పేర్లు గడగడ చదివి, ఎన్ని జాతులు చూచితిమో లెక్క చెప్పి బస్సెక్కించువారు మనకు వద్దు. కొల్లేటిలో లంకవారికి, తీరమున మత్స్యకారులకు ఒక దినపు కూలికి తగ్గకుండ ఇచ్చి, వారు చెప్పునది మన పిల్లలు వ్రాసుకొనవలెను. బస్సులో పాటల పెట్టె ఉండరాదు. ఆటపాకలో మేమున్న వేళ వేరొక బృందము ఈలలు వేసి పక్షులను లేపి ఫొటోలు తీసినది. గూళ్ళపై కూర్చున్న తల్లులు లేచిన క్షణమున కాకులు గ్రుడ్ల కొరకు దిగును. అటువంటి యాత్ర జరుగుటకంటె జరుగకుండుటయే మేలు.

తల్లిదండ్రుల సంకోచమును మేమెరుగుదుము. ఆడపిల్లలను రాత్రి బయట ఉంచుటకు ఇష్టపడరు, మేమును కోరము. రెండు దినములును ఫజర్ వేళకు బయలుదేరి మగ్రిబ్ వేళకు బందరు చేరవచ్చును. తెల్లవారకముందే లేచు అలవాటున్న ఇండ్ల పిల్లలకు ఇది కష్టము కాదు. పక్షులు చురుకుగా ఉండునదియు అప్పుడే. మహిళా ఉపాధ్యాయులు ఇద్దరు రాదలచినారు. నవంబరు 12 సలీం అలీ జన్మదినము. 1896లో బొంబాయిలో జన్మించి, 1931-32లో హైదరాబాదు సంస్థానమంతట తిరిగి పక్షులను నమోదు చేసి, 1941లో భారతీయ పక్షులపై ప్రసిద్ధ గ్రంథమును వెలువరించిన మహనీయుడాయన. ఆ తేదీకి దగ్గరి శని, ఆదివారములను ఎన్నుకొన్నచో బాగుండును. తుఫాను హెచ్చరిక ఉన్నయెడల వాయిదా వేయవలెను. కావలసినది ఒక ఆర్టీసీ బస్సు అద్దె, దారి చూపువారి కూలి, నాలుగు బైనాక్యులర్లు. ఈ చివరివి ఒక్కసారి కొన్నచో ఏండ్లకొలది ఉండును.

గత యాత్రలో విద్యార్థులు వ్రాసిన నోటుపుస్తకమును గ్రంథాలయాధికారికి అప్పగించినాము. ఒక వరుసలో తెలుగు పేరు, ఒక వరుసలో ఉర్దూ పేరు, మూడవ దానిలో చూచిన చోటు, తేదీ. నలువది ఒక్క పక్షులు నమోదైనవి. వానిలో పందొమ్మిదింటికి ఉర్దూ గడి ఖాళీగా ఉన్నది, ఏడింటికి తెలుగు గడి ఖాళీగా ఉన్నది. ఇంటిలో నానమ్మనో, నానానో అడిగి ఆ పేర్లను తెలిసికొన్న విద్యార్థులు పుస్తకములో వ్రాసి, చెప్పినవారి ఊరి పేరు ప్రక్కన చేర్చగలరు.